మబ్బు విడిచాక

తుఫాను వెలిసిన కొద్దిరోజులకు, పంటనష్టం లెక్కకు వెళ్తూ, అవనిగడ్డ బస్సులో ఆఫీసువాళ్లిచ్చిన ఉపగ్రహ చిత్రం ఒళ్లో పరుచుకుని చూస్తున్నాను. అలాంటి చిత్రాల్లో రంగులు మారి, పచ్చని పైరు ఎర్రగా, ముంపునీరు నల్లగా కనిపిస్తుంది. పక్కసీటులో ఖాళీ చేపల గంపతో కూర్చున్న ఒకావిడ, హంసలదీవి దగ్గర తమ పల్లె ఎక్కడుందని అడిగింది. నల్లటి చోటు చూపించాను.

“గాలివానప్పుడే తీశారా బాబూ?”

“లేదమ్మా. అప్పుడు మబ్బు అడ్డం. మబ్బు విడిచాకే ఉపగ్రహానికి నేల కనపడింది.”

“అయితే అదీ అందరిలాగే, అంతా అయిపోయాకే వచ్చిందన్నమాట.”

కోపంగా అనలేదు. ఇంట్లోకొచ్చిన నీళ్లు తుడిచినట్టు, తడి చెంగుతో ఆ నలుపును మెల్లగా తుడిచింది. తర్వాత తన ఊరి దారి దగ్గర దిగిపోయింది.

చిత్రం మీద మరక పడిందని, కొత్తది తెప్పించుకోమన్నారు ఆఫీసులో. నేను తెప్పించుకోలేదు.