వాన ఆపమన్న ఓబులేసు సార్

నిన్న మధ్యాహ్నం మా అమ్మాయి కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతోందంటే పెట్టె మూత విప్పి చూశాను. ఫ్యాను రెక్కలకు దుమ్ము అట్టకట్టి ఉంది. వేడెక్కిన ఆ దుమ్ము వాసన ముక్కుకు తగలగానే, బెంగళూరులో ఐదో అంతస్తులో కూర్చున్నవాణ్ణి కాస్తా మా ఊరు కొత్తచెరువులో రేకుల కప్పు కింద ఉన్న నా పాత కొట్లోకి వెళ్ళిపోయాను. ఎండాకాలమంతా ఆ కొట్లో మూడు కంప్యూటర్లూ ఇదే వాసన కొట్టేవి. దాని వెంటే ఓబులేసు సార్ కూడా వచ్చేస్తారు. ఆయన మా హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. వీడియో గేములు తెర మీద ఎలా కనబడాలో చూడటం ఈ రోజు నా ఉద్యోగం. అది నాకు నేర్పింది ఆయనే. ఆయన మాత్రం జీవితంలో ఒక్క గేమూ ఆడలేదు. ఆడమంటే, "చూసేకే టైము చాల్లేదు, ఆడేదెప్పుడప్పా" అనేవారు.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన రోజులవి. డిగ్రీ ముగించి, ఊళ్ళో ఎవరూ పెట్టని కంప్యూటర్ ఆటల కొట్టు పెడతానని మా నాయనతో పంతం పట్టాను. మాది వానను నమ్ముకున్న వేరుశనగ చేను. వరుసగా మూడేళ్ళు ఆకాశం మొండిచెయ్యి చూపించింది కాబట్టి ఆయన దగ్గర నన్ను ఆపడానికి గట్టి వాదన లేదు. ఒక్క షరతు మాత్రం పెట్టాడు. "తొలకరికి నేల పదునయ్యే దాకా చూస్తా. ఆలోగా కొట్టు నిలబడితే సరే. లేదంటే తాళమేసి వచ్చి గొర్రు పట్టుకో. ఇత్తనం నీ చేత్తోనే పడాల." మా నాయన ఏ మాటైనా ఒక్కసారే అనేవాడు. రెండోసారి అడిగితే విననట్టే ఉండేవాడు. అంటే నా చేతిలో ఉన్నది ఒక్క ఎండాకాలం.

కొట్లో ప్రధానమైన ఆట కారు రేసు. దాన్ని మొదటిసారి అనంతపురంలో చూసినప్పుడు నన్ను పడేసింది కారు కాదు, అందులో కురిసే వాన. అద్దం మీద చినుకులు జారేవి, తారురోడ్డు నల్లగా మెరిసేది, దీపాలు నీళ్ళలో పొడుగ్గా వణికేవి. మా వైపు మనుషులకు వానంటే ఎంత యావో మీకు చెబితే నవ్వుతారు. కొట్టు తెరిచిన రోజు పక్క టీ అంగడి ముసలాళ్ళు కూడా వచ్చి, ఆట సంగతి వదిలేసి వానను చూసి పోయారు. మా నాయన నా వెనక నిలబడి పది నిమిషాలు కన్నార్పకుండా చూశాడు. "బాగా పడతాండాది" అని మాత్రం అని వెళ్ళిపోయాడు. అప్పుడే తీర్మానించుకున్నాను, నా కొట్లో వాన ఆగకూడదని.

బొమ్మ నాణ్యతను పెంచే గ్రాఫిక్స్ సెట్టింగ్స్ అన్నీ పైకి తోసి పెట్టాను. నా కంప్యూటర్లేమో బెంగళూరులో ఎవరో వాడి వదిలేసినవి, బొమ్మల బరువు మోసే గ్రాఫిక్స్ కార్డు లేనివి. వాన మొదలవగానే ఆయాసపడేవి. బటన్ నొక్కి ఒకటి, రెండు అని లెక్కపెట్టాక గానీ కారు తిరిగేది కాదు. కుర్రాళ్ళు వానను చూసి ఈలలు వేసేవారు, గోడకు గుద్దుకునేవారు, లేచి బస్టాండు దగ్గర కొత్త యంత్రాలతో వెలిసిన ఇంకో కొట్టుకు పోయేవారు. అప్పుడు నేనేం చేశానంటే, వాన ఒక్కటి ఉంచి మిగతావన్నీ అడుగుకు లాగేశాను. కాస్త కదిలింది గానీ బొమ్మ పాడైపోయింది. పాలిటెక్నిక్ చదివే రియాజ్ నా కొట్లో ఇంకా మిగిలిన ఒకరిద్దరిలో ఒకడు. వాడూ చేతులెత్తేశాడు. "అన్నా, బండి రోడ్డు మీద లేదు. గాల్లో తేలుతాండాది. బ్రేకు యాడ కొట్టాల్నో తెలీకుండా ఉండాది" అన్నాడు. ఎందుకు తేలుతోందో వాడికీ తెలియదు, నాకూ తెలియదు.

సరిగ్గా ఆ సమయానికి ఓబులేసు సార్ ఏదో అర్జీ టైపు చేయించుకోవడానికి వచ్చారు. అప్పటికి రిటైరై రెండేళ్ళు. అర్జీ సంగతి మరిచిపోయి రియాజ్ వెనక నిలబడ్డారు. కాసేపటికి, "ఏమప్పా రామాంజీ, ఈ బండికి నీడ యాడ బోయింది?" అన్నారు. చూస్తే నిజమే. కారు కింద ఏమీ లేదు. "నీడ లేని వస్తువు నేల మీద నిలబడదు. ఏడో తరగతిలో బిందె బొమ్మకు చెప్పినాను కదా. నువ్వప్పుడు కిటికీలోంచి బయటికి చూస్తాంటివి" అని ఒక చురక కూడా అంటించారు. సెట్టింగ్స్ పేజీ తెరిపించి ఒక్కో వరుసా చదివించారు. ఇదేం చేస్తుంది, అదేం చేస్తుంది అని అడిగారు. "ఎక్కువ పెడితే బాగుంటాది సార్, తక్కువ పెడితే బాగుండదు" అన్నాను. "ఉప్పు గురించీ అట్లే చెప్తావా?" అని నవ్వారు.

మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే, కరెంటు పోకముందే వచ్చేవారు. రోజుకు ఒకే సెట్టింగ్. "కండ్లు మూసుకో" అనేవారు. రియాజ్ చేత దాన్ని తగ్గించి, "ఇప్పుడు తెరువు. ఏం తగ్గింది?" అని అడిగేవారు. చెట్ల ఆకులు పలచబడ్డాయి, కరెంటు తీగ అంచు మెట్లు మెట్లుగా విరిగింది, కారు రంగులో ఆకాశం కనబడటం లేదు అని నేను వెతికి వెతికి చెప్పాలి. చెప్పలేకపోతే ఆయనకు సంబరం. "నువ్వే కనుక్కోలేకపోతివి, బండి తోలేటోనికి యాడ కనపడతాది? తీసెయ్" అనేవారు. అలా ఆ వారంలో సగం బరువు దిగిపోయింది. అన్నేళ్ళు కళ్ళున్నాయనుకున్నాను గానీ వాటిని వాడటం నాకు తెలిసింది ఆ వారంలోనే.

నీడ దగ్గర పేచీ వచ్చింది. పై స్థాయిలో పెడితే కారు ఆకారంలోనే అందమైన నీడ పడేది, కంప్యూటర్ కూలబడేది. అడుగు స్థాయిలో కారు కింద ఒక నల్లటి మచ్చ, అంతే. ఆ మచ్చ నాకు నచ్చలేదు. సార్ నన్ను చెయ్యి పట్టుకుని కొట్టు బయటికి లాక్కుపోయారు. అప్పటికి మిట్టమధ్యాహ్నమైంది, మే నెల. "నీ నీడ యాడుండాది చూడు" అన్నారు. నా చెప్పుల కింద దూరి ఉంది. "ఈ పొద్దుకు మన సీమలో యా మనిషికైనా ఇంతే నీడ. ఆటలో గూడా పొద్దును నడినెత్తికి తీసకరా. అప్పుడు ఆ మచ్చ తప్పు ఎట్లయితాది?" తర్వాత తూర్పు వైపు చూపించారు. అక్కడ ఉండాల్సిన గుట్ట దుమ్ములో సన్నటి గీతలా ఉంది. "మొన్న ఆటలో ఎంత దూరం కనపడాల్నో అది తగ్గిస్తే కొండ తటాలున ఊడిపడతాండాదని ఏడిస్తివే. మధ్యలో దుమ్ము పెట్టు. మెల్లగా బయటికొస్తాది." వెంటనే ఆయన, "ఇంక వాన ఆపు" అన్నారు.

అది మాత్రం నా వల్ల కాలేదు. కరువు సీమలో వాన ఆపమనడమేమిటి? ఎవరైనా అనే మాటేనా అది? "వాన కోసమే కదా సార్ జనాలొచ్చేది" అన్నాను. "వాన చూసేకి వస్తాండారు, ఆడేకి పోయేది బస్టాండుకు. బండి తిరగనీయని వాన నీకెందుకు?" అన్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. అప్పటికి తొలకరికి నెల కూడా లేదు. "మీకేం సార్, రంగులే లేని బళ్ళో ముప్పై ఏండ్లు డ్రాయింగ్ చెప్పినోళ్ళు. మీకు అన్నీ తీసేయడమే తెలుసు" అనేశాను. ఆయన ముఖం ఏమీ మారలేదు. "నిజమే. నాకిచ్చింది సుద్దముక్క, నల్లబోర్డు. దాంతోనే మీకు మామిడిపండు చూపిస్తే నోట్లో నీళ్ళూరించుకుంటిరి" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నాకు సిగ్గుగానే ఉంది.

రెండు రోజులు ఆయన రాలేదు. మూడో రోజు పొద్దున ఒక్కణ్ణే కూర్చుని వాన ఆపాను. ఎండు మైదానాల దారి ఎంచుకున్నాను. సూర్యుణ్ణి నడినెత్తికి తెచ్చాను, దూరాన దుమ్ము పరిచాను, కారు కింద నల్లమచ్చ పెట్టాను. కారు నేల మీదికి దిగింది. వేలు కదిపానో లేదో తిరిగింది. సార్ ఇంటికి పరుగెత్తాను. ఆయన ప్రహరీకి సున్నం కొడుతున్నారు. "సార్, వాన ఆపినాను" అన్నాను. క్షమించమని అడగడం కూడా రాలేదు. "ఆడేటోళ్ళు ఏమన్నారు?" అన్నారు. "ఎవరూ చూళ్ళేదు. ముందు మీరు చూడాల." ఆయన బక్కెట్లో చేతులు కడుక్కుని నా వెంట నడిచారు. తెర ముందు చాలాసేపు నిలబడి, "ఇప్పుడిది ఒక చోటు మాదిరుండాది" అన్నారు.

రియాజ్ మొదట, "వాన ఏమయిందన్నా?" అని సణిగాడు. రెండు మలుపులు తిరిగాక సణగడం మానేశాడు. మూడోసారికి, "అబ్బా, బండి రోడ్డును కరుచుకునింది!" అని కేక పెట్టాడు. సాయంత్రానికి నలుగురిని వెంటేసుకొచ్చాడు. బస్టాండు కొట్లో మెరుపులు ఎక్కువే. నా కొట్లో బండి తిప్పిన వైపుకు తిరుగుతుందని మాత్రం వారంలో ఊరంతా తెలిసింది. బెంచీ మీద తమ వంతు కోసం కూర్చున్నవాళ్ళను చూసినప్పుడల్లా నాకు సార్ మీద ప్రేమ పొంగేది, కాస్త అసూయ కూడా.

జూన్ మూడో వారంలో వాన పడి నేల పదునైంది. మర్నాడే మా నాయన పాదాల నిండా ఎర్రమన్నుతో కొట్లోకి వచ్చాడు. ఎందుకొచ్చాడో నాకు తెలుసు. బెంచీ మీద కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు. ఆయన వాళ్ళను చూశాడు, తెరను చూశాడు. "వాన ల్యాకుండా చేసినావే" అన్నాడు. "ఆపితేనే నడుస్తాంది నాయనా" అన్నాను. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నాడు. కారు ఎర్రటి దారిలో దుమ్ము లేపుకుంటూ పోతోంది. మా నాయనకు సినిమా చూడటం కూడా అలవాటు లేదు. ఆయన తెర వైపు గడ్డం ఎత్తి, "ఆడ పొద్దు నడినెత్తిన ఉండాది" అన్నాడు. "ఎట్ల తెలిసింది నాయనా?" అన్నాను. "నీడ కనపడతాండ్లా?" అన్నాడు, అదేం ప్రశ్న అన్నట్టు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గడప దాటుతూ వెనక్కి తిరక్కుండానే, "గొర్రుకు మీ చిన్నాయనను పిలిచుకుంటాలే. నువ్వు ఈడనే ఉండు" అన్నాడు.

సార్‌కు ఈ సంగతి చెబితే ఆయన నన్ను మెచ్చుకోలేదు. "మీ నాయన మాదిరి చూసేటోడు చూసి నమ్మినాడు. ఇంక యా పరీక్షా లేదు నీకు" అన్నారు. సార్ పోయి ఇప్పటికి తొమ్మిదేళ్ళు.

నేను పనిచేసే చోట యంత్రాలు ఎంత బరువైనా మోస్తాయి. మా కుర్ర ఇంజనీర్లు అన్నీ పైన పెట్టి బొమ్మ తయారుచేస్తారు. చివరి వారంలో, పాత కంప్యూటర్ల వాళ్ళ కోసమని, పై నుంచి కోసుకుంటూ వచ్చి మిగిలిన దానికి 'తక్కువ' అని పేరు పెడతారు. నేను వాళ్ళను ఆ పని చేయనివ్వను. నా దగ్గర పని ఆ 'తక్కువ' నుంచే మొదలవుతుంది. వెలుగు ఎటు నుంచి వస్తోంది, మనిషి కాళ్ళు నేలకు ఆనాయా, దూరం దూరంగా ఉందా అని ముందు అక్కడ తేల్చుకుంటాను. ఆ తర్వాతే మెరుపులు. నా ఈ పంతం చూసి మీటింగుల్లో నవ్వుకుంటారని తెలుసు, నవ్వుకోనీ. ఏదో ఒక ఊళ్ళో, ఎవరో వాడి వదిలేసిన కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి సగం ఆట ఇచ్చి సరిపెట్టుకోమనడం నాకు చేతకాదు.