రెండుసార్లు ఆగిన ఎర్ర కారు

పదవీ విరమణకు ముందు సంవత్సరం డిసెంబరులో నేను చింతపల్లిలో ఒక ప్రభుత్వ శాఖ వాహనాల వర్క్‌షాపుకు ఫోర్‌మన్‌ని. మెకానిక్కులు చేసిన పని సరిచూసి బండిని రోడ్డు మీదికి వదలడం ఫోర్‌మన్ బాధ్యత. ఆ నెల పాత కార్ల యాత్ర ఒకటి అరకు వెళుతుంటే, వెంట ఉండి చూసుకొమ్మని మా అధికారి నన్ను పంపారు.

అనంతగిరి ఘాట్ ఎక్కుతుండగా డాక్టర్ సుజాతగారి కారు ఆగిపోయింది. వాళ్ల నాన్నగారు నడిపిన, రెండే సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు. ఆగింది సరిగ్గా మలుపులో. మంచు దిగుతోంది, వెనక బస్సులు ఒకటే హారన్లు, ఫోనుకు సిగ్నల్ లేదు. నాకు కాలు నిలవలేదు. ఆవిడ ఏదో చెప్పబోతే, తర్వాత వింటానని బానెట్ ఎత్తేశాను. ప్లగ్గుల్లో నిప్పురవ్వ బాగానే ఉంది. కార్బురేటర్‌లోకి పెట్రోలే రావడం లేదు. తప్పు టాంకు నుంచి పెట్రోలు లాగే పంపుదేనని తేల్చి, విప్పి, శుభ్రం చేసి బిగించాను. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. ఇక భయం లేదని అందరి ముందూ చెప్పాను.

నాలుగు మలుపులు దాటాక, నిటారు ఎక్కుడులో మళ్లీ ఆగింది. హ్యాండ్‌బ్రేకు పట్టలేదు. ఆవిడ కాలి బ్రేకు తొక్కేలోగా కారు లోయ వైపు రెండు గజాలు జారింది. వెనక వస్తున్న షేరు జీపు డ్రైవరు సోమన్న ఒక్క దూకు దూకి చక్రం కింద రాయి పెట్టాడు. నేను మళ్లీ పంపు దగ్గరికే స్పానర్ పట్టుకెళ్లాను.

"ఆగండి బాబూ, ఎన్నిసార్లు ఇప్పుతారు?" అన్నాడు సోమన్న. ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, ఈ మద్దెన ఏటైనా మార్సినారేటి?" అని అడిగాడు.

"పెట్రోలు టాంకు మూత. పాతది పోతే పోయిన వారమే కొత్తది పెట్టించాను. ఇందాక చెప్పబోయింది అదే."

"అయితే బేగి అది తియ్యనీండి."

సోమన్న మూత తిప్పాడు. టాంకు బుస్సుమని గాలి పీల్చుకున్న చప్పుడు అందరికీ వినిపించింది.

పెట్రోలు తగ్గేకొద్దీ టాంకులోకి గాలి వెళ్లాలి. అందుకు మూతకు సన్నని కన్నం ఉంటుంది. ఈ కొత్త మూతకు లేదు. గాలి అందక పెట్రోలు కదలడం మానేసింది. నేను పంపు విప్పినప్పుడు గొట్టం గుండా కాస్త గాలి చేరింది, అందుకే ఇంజను నడిచింది. పంపులో ఏ తప్పూ లేదు.

మూతను పెట్రోలుకు దూరంగా తీసుకెళ్లి, మేకుతో కన్నం పొడిచి బిగించాం. కారు అరకు దాకా ఆగలేదు. సుజాతగారికి అక్కడే క్షమాపణ చెప్పుకున్నాను. తప్పు పట్టుకున్నది సోమన్నేనని రిపోర్టులో రాశాను.

ఇంజను స్టార్టయినంత మాత్రాన తప్పు దొరికినట్టు కాదు. ఎందుకు స్టార్టయిందో చెప్పగలగాలి. ఆ రోజు అది తెలియకుండానే ఆవిడను ఘాట్ ఎక్కించాను.