రాజం సార్ ఇంట్ల ఆరుగురు కిరాయిదార్లు

ఫిబ్రవరి వచ్చిందంటే మా రాజం సార్ మొఖానికి పెండ్లికొడుకు కళ వచ్చేది. చిన్నకోడూరు తోవల ఉన్న మా హైస్కూల్ల అందరి ఇన్‌కంటాక్స్ ఫారాలు నింపేది ఆయనే. పదకొండు నెలలు లెక్కల సార్. ఆ ఒక్క నెల మాత్రం మా టీచర్లందరికీ దేవుడు. చాయ్ ముందుగాల ఆయనకే, ఫ్యాను కింది కుర్చీ ఆయనకే.

2010ల ఆ కుర్చీ కదిలింది.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులవి. బడి నడిచిన దినాలకన్న బంద్‌లే ఎక్కువ. బంద్ నాడు మేమంత సిద్దిపేటల దీక్ష శిబిరంల కూసునేటోళ్లం. నినాదానికీ నినాదానికీ నడుమ రాజం సార్ తొడ మీద అట్ట పెట్టుకొని ఫారాలు రాసేటోడు. ఆ ఏడే బదిలీ మీద వచ్చిన కర్ణాకర్ అనే పిల్ల సారు ఒకనాడు శిబిరానికి ల్యాప్‌టాప్ తెచ్చిండు.

"సార్, ఎక్సెల్ల జీతం కొడితే చాలు, ట్యాక్స్ అదే వస్తది."

మాతోటి దేవిక మేడం లెక్క రెండు నిమిషాల్ల తేలింది. రాజం సార్ ఆమెకు "ఎల్లుండి రా మేడం" అని చెప్పి అప్పటికే నాలుగు దినాలు. అందరు ఆ డబ్బా చుట్టు మూగిన్రు. రాజం సార్ పేపర్ విప్పి మొఖానికి అడ్డం పెట్టుకున్నడు.

"కొత్త ట్యాక్స్ చట్టం వస్తదట, సూసిన్రా?" అని గట్టిగ చదివిండు. పది లక్షల దాంక పదో వంతేనట. కని కిరాయి మినహాయింపు ఎత్తేస్తరట, ఇంటి లోను వడ్డీకి మాఫీ ఉండదట, పీఎఫ్ తీసుకునేనాడు దాని మీద కూడ ట్యాక్సేనట.

దేవిక మేడం గుండె మీద చెయ్యేసుకుంది. "లోను మీద ఇల్లు గట్టుకున్నం, ఆ వడ్డీ చూపిచ్చే గట్టెక్కుతున్నం. మా అసొంటోళ్లు ఏం గావాలె సార్?"

అందరి మొఖాలు వాడినయి. రాజం సార్ మొఖం మాత్రం వెలిగింది. "అప్పుడు నీ ఎక్సెల్ ఏం పనికొస్తది కర్ణాకర్?"

"కొత్తది చేస్త సార్. పది నిమిషాల పని."

ఆ పది నిమిషాలు రాజం సార్ కడుపుల వారం దినాలు మండినయి. "కరెంట్ పోతే ఏం జేస్తడు?" అని నన్నే మూడుసార్లు అడిగిండు.

వారానికి కర్ణాకర్ అందరి లెక్కా ఒక్క కాగితం మీద అచ్చేసి, హెడ్మాస్టర్ అమృతమ్మ మేడం ముందు పెట్టిండు. కిరాయికుండేటోళ్ల ఎదురుంగ ఇంటి ఓనర్ పేరు, ఇంటి నంబర్ గడులు కూడ పెట్టిండు. మేమిచ్చిన కిరాయి రసీదుల మీద ఉన్నది ఉన్నట్టు ఎక్కిచ్చిండు పాపం.

మేడం అద్దాలు సవరించుకుంది. "రాజం సార్, మీది ఎన్ని అర్రల ఇల్లు?"

"రెండు మేడం."

"ఆరు సంసారాలు ఎట్ల పట్టినయ్ సార్?"

సొంతిల్లు ఉన్నోళ్లు కూడ కాగితం మీద కిరాయిదార్లే. ఆరుగురం రాజం సార్ ఇంట్లనే కిరాయికున్నం. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగ ఆయన సంతకమే. రెండో పేరు నాది. నేను కిటికీల నుంచి బయటికి చూసిన.

"మిషన్ తప్పు మేడం. చేతితోని రాసినన్ని ఏండ్లు గిట్ల కాలే."

"నిజమే. అప్పుడు ఒక్కొక్కరి కాగితం ఒక్కొక్కటే వచ్చేది నా ముందటికి. కిరాయి నిజమైతే ఆరుగురిదీ మీ ఆదాయంల కలుపుండ్రి. కాదంటే రసీదులు వాపస్ తీస్కోండ్రి."

రాజం సార్ కర్ణాకర్ దిక్కు చూసిండు. ఆ పిల్లగాడు నవ్వినా బాగుండేది. తల వంచుకొని నిలబడ్డడు.

"వాపస్ తీస్కుంట మేడం."

స్టాఫ్‌రూంల అందరు కర్ణాకర్ మీద పడ్డరు. "ఓనర్ గడి పెట్టుమని నిన్నెవరు అడిగిన్రయ్యా?" దేవిక మేడం ఖాళీ ఫారం తెచ్చి రాజం సార్ ముందు పెట్టింది. "మీరే రాయుండ్రి సార్. మీ బామ్మర్దికి ఇల్లుంది గద, ఆయన సంతకం..."

ఒకరెనుక ఒకరు ఫారాలు పట్టుకొని నిలబడ్డరు. ఫ్యాను కింది కుర్చీ మళ్ల ఆయనదే. ఎవరో చాయ్ కూడ పెట్టిన్రు. రాజం సార్ కండ్లల్ల ఆశ కనబడ్డది. పెన్ను మూత తీసిండు, పెట్టిండు, మళ్ల తీసిండు.

"బామ్మర్ది ఇంట్ల బామ్మర్దినే ఉండనియ్యుండ్రి" అని కిరాయి గడిల సున్న పెట్టిండు.

దేవిక మేడం ఫారం గుంజుకొని పోయింది. మిగిలినోళ్లు కూడ మెల్లగ జరిగిన్రు. నా ఫారంల సున్న నేనే పెట్టుకున్న, పెట్టేటప్పుడు ఏడుపొచ్చింది.

రాజం సార్ కుర్చీ ఈడ్చుకొని మూలకు, కర్ణాకర్ పక్కకు పోయిండు.

"ఏదీ, ఆ డబ్బా చూపియ్యి. నాకంటే మంచిగ ఎట్ల కూడుతదో చూస్త" అన్నడు. గొంతుల మంట ఇంకా అట్లనే ఉంది.