మూత తీసిన హౌజు

మా నాయిన నారాయణపేటలో చీరల నూలుకు రంగులద్దేవాడు. నేను కెమికల్ ఇంజనీరింగ్ చదివి, చిట్యాల దగ్గర ఒక మందుల కంపెనీలో మురికినీళ్లు శుభ్రం చేసే విభాగంలో చేరాను. ఇంటికి వెళ్లినప్పుడల్లా "వచ్చిందమ్మా, ఊరోళ్ల కంపు కడిగేటి బిడ్డ" అని ఆటపట్టించేవాడు. మరి మనింటి కంపు ఎవరు కడుగుతారు అని నేనూ తగ్గేదాన్ని కాదు.

నీలం రంగుది ఒక వింత స్వభావం. రంగు కలిపే పెద్ద తొట్టిని గోలెం అంటాం. అందులో కాస్టిక్ సోడా, హైడ్రో అనే పొడి వేసి కలిపితే నీలం మాయమై నీళ్లు లేత పచ్చగా మారతాయి. అందులో ముంచిన నూలును పైకెత్తితే, గాలి తగిలి కళ్లముందే మళ్లీ నీలమవుతుంది. కానీ గోలెంలో ఉండగానే గాలి సోకితే రంగు నీళ్ల నుంచి విడిపోయి అడుగున చేరుతుంది, ఇక నూలుకు పట్టదు. "గాలి తగిల్తె రంగు సస్తది" అనేవాడు నాయిన. అందుకే ఆయన దేనికైనా మూత పెట్టేవాడు. చివరికి పారబోసిన నీళ్లు నిలిచే హౌజు మీద కూడా చెక్కలు పరిచి, గోనెసంచులు కప్పేవాడు. వాసన రాదని అమ్మ కూడా సంతోషించింది.

హౌజు నిండితే నీళ్లు కాలువ గుండా మా ఇంటికి దిగువనున్న చేనులోకి పారేవి. అక్కడ ఒకామె తోటకూర, గోంగూర పెంచి సంతలో అమ్మేది. నాయిన ఆమెను చెల్లె అనేవాడు కాబట్టి నాకు అత్త. నారాయణపేట జిల్లా అయిన కొత్తలో, నేను సెలవు మీద ఇంట్లో ఉన్నప్పుడే, ఆమె మా వాకిట్లోకొచ్చి నిలబడింది.

"కొట్లాటకు రాలేదన్నా. నాకున్నది గా మడొక్కటే. ఆకంతా మాడిపోతాంది. వానలు పడేలోపు నీళ్లు ఆపు. లేకుంటే పెద్దమనుషుల కాడికి పోవుడే."

"నీళ్లు ఆపుమంటె నా పని ఆపుమన్నట్టే గద చెల్లె" అన్నాడు నాయిన. ఇద్దరి మాటా నిజమే. అదే నన్ను భయపెట్టింది.

కంపెనీలో నేర్చిన విద్యంతా ప్రయోగించాను. సున్నం వేశాను, పటిక వేశాను. నీళ్లు కొంత తేటపడ్డాయి గానీ, రంగూ సున్నమూ కలిసిన బురద పెరట్లో గుట్టగా పెరిగింది. దాన్ని పడేసే జాగా లేదు. "నీళ్ల ఫికరు పోయి బురద ఫికరు వట్టుకున్నది" అన్నాడు నాయిన. గోలేలు అమ్మేస్తానన్నాడు. ఆ మాట అన్నాక అన్నం సరిగ్గా తినలేదు. నాకు ఆయన మీద కోపం, నా చదువు మీద అంతకంటే కోపం.

అలాంటప్పుడు అత్త మళ్లీ వచ్చింది, నెత్తిన గంపతో. దాన్ని మా గడప ముందు దించింది. మడిలో ఎండి పెచ్చులు కట్టిన నీలాన్ని పారతో గీకి తెచ్చింది.

"మీ సొమ్ము మీ ఇంట్లనే ఉంచుకోండ్రి" అంది.

ఆ ఎత్తిపొడుపుకి నాయిన ముఖం మాడింది. నేను మాత్రం గంపలో చెయ్యి పెట్టి ఒక పెచ్చు తీసుకున్నాను. మన్ను దులిపితే మిగిలింది అచ్చమైన నీలం! హౌజులో లేత పచ్చగా కరిగి ఉన్న రంగు, కాలువలో గాలి తగిలి నీలమై, ఆమె మడిలో చేరుతోంది. హౌజులో జరగవలసిన పని అత్త తోటకూర మీద జరుగుతోంది. దాన్ని హౌజులో జరగనివ్వకుండా ఆపింది మా మూతే.

"నాయినా, హౌజు మూత తియ్యి."

"పిచ్చిలేసిందా? గాలి తగిల్తె రంగు సస్తది!"

"సావనియ్యి. సస్తేనే గద అడుక్కు దిగేది."

గొణుక్కుంటూనే తీశాడు. ఇద్దరం వెదురు కర్రలతో చేతులు పడిపోయేదాకా నీళ్లు చిలికాం. పచ్చదనం పోయి నీళ్లన్నీ నీలమయ్యాయి. చిటికెడు పటిక వేసి వదిలేస్తే, తెల్లారేసరికి నీలమంతా అడుగున దిగి, పైన తేట నీళ్లు నిలిచాయి. అడుగుది గుడ్డలో వడగడితే చిక్కటి ముద్ద వచ్చింది. నాయిన దాన్ని మళ్లీ కాస్టిక్, హైడ్రోలతో కరిగించి చుట్టగా ఉన్న ఒక నూలు చిలప ముంచాడు. పైకెత్తి చాలాసేపు చూసి, "జర మబ్బుగుంది గని, రంగే" అన్నాడు. ఆ క్షణంలో ఆయన నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

అన్ని రంగులకూ ఇది కుదరదు. కుదరని వాటికి వేరే తొట్టి కట్టుకున్నాం. తేట నీళ్లలోనూ కాస్టిక్ మిగిలే ఉంటుంది కాబట్టి మడికి వదల్లేదు, మళ్లీ గోలేనికే వాడుకున్నాం. కాలువను సిమెంటుతో మూసేశాం.

వానలయ్యాక అత్త గోంగూర కట్టలతో వచ్చింది. నాయిన ఉండబట్టలేక అడిగేశాడు. "మొదట్నే పెద్దమనుషులకు చెప్తె నా పని ఎప్పుడో బందైపోతుండె. ఎందుకు ఆగినవ్ చెల్లె?"

"నా పెండ్లి చీర నూలుకు రంగేసింది నువ్వే గద అన్నా. ఇయ్యాల్టికీ రంగు దిగలే. చీరకుండెటి రంగు నా మడికెందుకొస్తాందని బాధపడ్డ గని, గా పని తెలిసిన చెయ్యి ఆగిపోవాలని ఎట్ల కోరుకుంట?"

నాయిన రెండు చేతులెత్తి ఆమెకు దండం పెట్టాడు.