ఉత్త మగ్గం సప్పుడు

నా పాడ్‌కాస్ట్ పుట్టింది దుప్పటి కింద. గొప్పకు చెప్పడం లేదు, సిద్దిపేటలో మేముండే గల్లీలో చప్పుడు లేని జాగ అదొక్కటే. పడకగదిలో ఇనుప బీరువా పక్కన కూర్చుని, కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, నేనూ నా ఏడేళ్ల కూతురూ ఒకే దుప్పటి తల మీదుగా కప్పుకుంటాం. ఫోన్ మా ఇద్దరి మధ్య దిండు మీద ఉంటుంది. ఎండాకాలంలో పది నిమిషాలకే జాకెట్టు వీపుకు అతుక్కుపోతుంది. "నమస్తే పిల్లలూ, అన్నం తిన్నారా?" అని మాత్రం నవ్వుతూ అనాలి. ఉడికిపోతూ నవ్వడం నాకు బాగా అలవాటైంది.

మొదట్లో ఇదంతా లేదు. నా భర్త మహారాష్ట్రలోని భివండీలో పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు, ఏడాదికి రెండుసార్లు ఇంటికి వస్తాడు. పిల్ల ముచ్చట్లు ఫోన్‌లో రికార్డు చేసి ఆయనకు పంపేదాన్ని. బల్లి గోడ మీది నుంచి ఎందుకు పడదు, చందమామ మన వెంట ఎందుకు వస్తాడు, ఇలాంటివి. గదిలో ఆయనతో ఉండేవాళ్లు విన్నారు, ఊళ్లో ఉన్న తమ పిల్లలకు పంపుకున్నారు. అందరూ వినేలా పెట్టమని ఎవరో సలహా ఇచ్చారు. నేను పెట్టాను. ఒక కథ, ఆ వారం మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి, దాని మీద నా నాలుగు మాటలు. బుధవారం ఒకటి, శనివారం ఒకటి.

ఇంట్లో ఉండే మూడో మనిషి మా మామ. ముందు గదిలో గుంట మగ్గం మీద ఇప్పటికీ చీరలు నేస్తాడు. ఆ టకటకల మధ్య రికార్డింగ్ కుదరదు. అందుకని పడకగది గొళ్లానికి ఎర్ర తువ్వాల వేలాడదీస్తే ఆయన మగ్గం ఆపాలని ఒక ఏర్పాటు చేశాను. "నీది అయినంక చెప్పు బిడ్డా, నేను కూసుంట" అని, కాళ్లు గుంటలోనే ఉంచి, చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చునేవాడు. నేను ఒకే వాక్యం ఐదుసార్లు చెప్పుకున్న ఒక రోజున అలా గంటసేపు కూర్చున్నాడు. ఒక్కసారి కూడా దగ్గలేదు. ఆ మర్యాద చూసి నాకు సిగ్గేసింది, అయినా తువ్వాల తీయలేదు.

ఎందుకంటే అప్పటికే పీకల దాకా దిగిపోయాను. రైతు బజార్‌లో తోటకూర ఏరుకుంటుంటే ఒకావిడ గొంతు గుర్తుపట్టి, "అక్కా, మా పిల్లలు మీ ముచ్చట్లు పెట్టనిదే బుక్క ముట్టరు" అంది. ఆ పూట కాళ్లు నేల మీద లేవు. తర్వాత మంగళవారం వచ్చిందంటే చాలు గుబులు మొదలయ్యేది. పప్పు మాడినా, పిల్ల అన్నం కింద పడేసినా, కోప్పడటం మానేసి ఇది ఏ వారానికి పనికొస్తుందా అని చూసేదాన్ని. మా ఇంట్లో ఏదీ ఊరికే జరగడం మానేసింది. ఆపేద్దామా అని ఒకసారి నా భర్తతో ఫోన్లో అన్నాను. "పొద్దంత నిలవడి కాళ్లు గుంజుతయి. బిడ్డ గొంతు ఇంటె ఆ నొప్పి యాదికి రాదు. నువ్వు ఆపితె నేనేం ఇనాలె?" అన్నాడు. ఆయనతో ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ రోజుల్లోనే ఒక సోమవారం సాయంత్రం పిల్ల నా మెడ పట్టుకుని చెవిలో ఒక మాట చెప్పింది. బడిలో ప్రార్థన జరుగుతుండగా ఒంటికి వెళ్తానని టీచర్‌ని అడగడానికి భయపడి, వరసలోనే బట్టలు తడుపుకుంది. ఎండకు ఆరిపోయింది, ఎవరూ చూడలేదు. "ఎవ్వల్కి చెప్పకు" అంది. చెప్పనన్నాను. గట్టిగా పట్టుకుని ముద్దు కూడా పెట్టాను.

శనివారానికి నా దగ్గర సంగతేమీ లేదు. "నాకు తెలిసిన ఒక పాప" అని మొదలుపెట్టి, పిల్లలు భయం లేకుండా అడిగేలా పెద్దవాళ్లు ఎలా ఉండాలో చక్కగా చెప్పాను. పిల్ల తాత దగ్గర ఉన్నప్పుడు ఒక్కదాన్నే కూర్చుని చెప్పాను. పేరు చెప్పలేదు కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. గల్లీలో ఆ పాప ఎవరో అందరూ పోల్చుకున్నారు, తెలియనట్టు ఉన్నది నేనొక్కదాన్నే. సోమవారం బడి ఆటోలో పిల్లలందరూ నా కూతురు కూర్చున్న చోటు తడిసిందేమోనని వంగి చూశారట. ఈ సంగతి నాకు చెప్పింది కూడా ఆటో అతనే. ఆమె మాత్రం ఇంటికొచ్చి, బ్యాగు పెట్టి, చెప్పులు వరసగా పెట్టింది.

ఆ రోజు నుంచి ఏమడిగినా ఒకటే జవాబు. "ఏం లేదమ్మా." బడిలో ఏమైందే అంటే ఏం లేదు, ఎవరితో ఆడుకున్నావే అంటే ఏం లేదు. దుప్పటి కిందికి మాత్రం పిలిస్తే వచ్చేది. "ఏం చెప్పాలె?" అని అడిగి, చెప్పమన్నది తీయగా చెప్పేది. నవ్వమన్న చోట నవ్వేది. అప్పటి ఎపిసోడ్‌లు వింటే ఆమె ఎంత హుషారుగా ఉందో అనిపిస్తుంది. ఆ నవ్వు విన్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

దసరా ముందు ఒక మధ్యాహ్నం కొత్తిమీర కోసం గల్లీ చివరికి వెళ్లి వస్తున్నాను. మా ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినిపించింది. ఆశ్చర్యపోయాను. మగ్గం మీది నూలు రెండు రోజుల కిందటే అయిపోయింది, కొత్తది ఇంకా రాలేదు. పైగా దారం లేకుండా మగ్గం ఆడించడం మా మామకు బొత్తిగా గిట్టదు, చిన్నప్పుడు అలా ఆడించినందుకు నా భర్త వీపు విమానం మోత మోగిందట. చప్పుడు కూడా తేడాగా ఉంది, బట్టకు తగలని బోలు చప్పుడు.

గుమ్మంలో ఆగి చూశాను. మామ ఉత్త మగ్గాన్ని లయ తప్పకుండా ఆడిస్తున్నాడు. పిల్ల గుంట అంచున కూర్చుని, ఆయన చెవికి నోరు ఆనించి, చేతులు తిప్పుతూ గలగలా మాట్లాడుతోంది. నెల రోజులుగా నేను చూడని ముఖం అది. ఒక్క మాట కూడా నాకు వినిపించలేదు.

నన్ను చూడగానే ఆగిపోయింది. మామ చేతులు నెమ్మదించాయి గానీ ఆగలేదు.

"ఏంది మామా, నూలు రాలేదు గదా?" అన్నాను.

"రాలే. బిడ్డ కొట్టమన్నది."

"ఎందుకు?"

ఆయన చూపు మగ్గం మీదే ఉంది. "సప్పుడుంటె నువ్వు ఫోన్ల పట్టవంట" అన్నాడు.

కొత్తిమీర కట్ట గుమ్మం పక్కన పెట్టాను. వెళ్లి పిల్ల పక్కన గుంట అంచున కూర్చున్నాను. ఆమె నా చేతులు చూసింది, తర్వాత చీర కొంగు ముడి చూసింది. ఫోన్ లోపల ఉందని చెప్పాను. రెండు చేతులూ తెరిచి చూపించాను.

"ఇగ ముచ్చట్లు బంద్ జేద్దామా?" అన్నాను.

"మరి డాడీ?" అంది.

"తాత మగ్గం కొట్టుడు, గిది గూడ అందుల పెడ్తవా?" అని మళ్లీ తనే అడిగింది.

"పెట్ట."

"నా నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పు."

పెట్టాను. నూనె రాసిన జుట్టు వెచ్చగా ఉంది. పెట్టనని ఒట్టేశాను. ఆమె తాత మోచేతిని తట్టింది, చప్పుడు మళ్లీ పెరిగింది, ఆమె మళ్లీ ఆయన చెవిలోకి వంగింది. నేను పక్కనే కూర్చున్నాను.

బుధవారం మళ్లీ కిటికీలు మూశాం, గొళ్లానికి తువ్వాల వేశాం. "నమస్తే పిల్లలూ" అన్నాను. ఆమె కూడా అంది. ఒట్టు ప్రకారం ఆ వారమే కాదు, తర్వాత ఏ వారమూ మగ్గం సంగతి అందులో పెట్టలేదు. ఇక్కడ, ఈ కాగితం మీద పెట్టాను. ఇక్కడ కూడా పేరు చెప్పలేదు.