ఏమీ జరగని సంవత్సరం

మా అమ్మాయి హిస్టరీ ప్రాజెక్టుకి ఎస్తోనియా తీసుకుంది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఏదో ఒక చిన్న దేశం, ఆ దేశపు బతుకులో ఒక్క సంవత్సరం, అదీ వాళ్లకిచ్చిన పని. బోర్డు తయారు చేసుకుని, ఒక సాయంత్రం స్కూలు లైబ్రరీలో తల్లిదండ్రులందరి ముందు నిలబడి మాట్లాడాలి.

ఆ "మాట్లాడాలి" దగ్గరే నా గుండెల్లో రాయి పడింది. మా పిల్ల స్కూల్లో నోరు విప్పి ఏడాది దాటింది. మా పాత ఊరు ఫ్రిస్కోలో ఉన్నప్పుడు వసపిట్టలా వాగేది. మా ఆయన ఉద్యోగం పోయిన ఏడాది ఉన్నట్టుండి మూగనోము పట్టింది. తర్వాత ఇక్కడ కార్ల కంపెనీలో పని దొరికి ఫార్మింగ్టన్ హిల్స్ వచ్చేశాం. కొత్త ఊరు, కొత్త స్కూలు, అదే సర్దుకుంటుందిలే అనుకున్నాం. సర్దుకోలేదు. రాత బాగుంటుంది గానీ నోరు తెరవదని టీచరు మాతో చెప్పనే చెప్పారు.

నేను ఊరుకునే రకం కాదు. అది ఏం తయారు చేస్తోందో వెళ్లి చూశాను. తోటిపిల్లలు కుట్రలూ, దండయాత్రలూ, పారిపోయే రాజులూ ఉన్న సంవత్సరాలు ఏరుకున్నారు. మా పిల్ల ఏరుకున్న సంవత్సరంలో ఏముందయ్యా అంటే, వెన్న ఉంది. దాన్ని ఓడలకెక్కించి ఇంగ్లండు పంపారు. పొలాల్లో బంగాళదుంపలు తవ్వుకున్నారు. చలికాలంలో సముద్రం గడ్డకడితే దాని మీదే బండి కట్టుకుని దీవిలో ఉన్న చుట్టాలింటికి వెళ్లొచ్చారు. పిల్లలు సొంత భాషలో చదువుకున్నారు. అంతే.

"ఇదేంటే, ఇందులో చెప్పుకోదగ్గది ఒక్కటీ లేదు?"

"అదే కదా పాయింట్, అమ్మా."

"పాయింటా, నీ మొహమా? అక్కడ నిలబడి ఏం జరిగిందని చెప్తావ్?"

"ఏం జరగలేదు అని చెప్తా."

దాని ఇష్టానికి వదిలెయ్ అన్నారు మా ఆయన. మీరు మధ్యలో రాకండి అన్నాను. వచ్చినా రాకపోయినా ఆ పిల్ల వినలేదు. మొండితనం ఎవరి పోలికో నేను చెప్పను.

ఆ సాయంత్రం లైబ్రరీకి వెళ్లాం. టీచరు ఒక పెద్దాయన, పొడుగ్గా, నిదానంగా ఉంటారు. బోర్డు తర్వాత బోర్డు చూసుకుంటూ మా దగ్గరికొచ్చారు. అమ్మాయి నేల చూపులు చూస్తూ వెన్న గురించి చెప్పింది. బంగాళదుంపల గురించి చెప్పింది. మంచు మీద బండ్ల దాకా వచ్చి ఆగిపోయింది. అప్పుడాయన అడిగారు. కొన్నేళ్లకే ఆ దేశాన్ని పెద్ద దేశాలు మింగేశాయి కదా, అంత కథ ఉండగా ఈ సంవత్సరమే ఎందుకు పట్టుకున్నావ్ అని.

పిల్ల బోర్డు అంచు గోకుతూ నిలబడింది. ఇక లాభం లేదని నేనే ఏదో అందుకోబోయాను. మా ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

"ఇండియా నుంచి మా పెద్దమ్మ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది," అంది అమ్మాయి, ఇంగ్లీషులో. "విశేషాలేంటని అడుగుతుంది. నాన్నకి జాబ్ లేనప్పుడు అమ్మ ఆ ఫోన్ పట్టుకుని గరాజ్‌లోకి వెళ్లి తలుపేసుకునేది. చాలాసేపు బయటికొచ్చేది కాదు. ఇప్పుడు వంటింట్లోనే బెండకాయలు తరుగుతూ మాట్లాడుతుంది. 'ఏం లేవే, అంతా మామూలే' అంటుంది." ఆ ఒక్క ముక్కా తెలుగులో అంది, అచ్చం నాలాగే సాగదీస్తూ. "అలా అన్నప్పుడు మా అమ్మ గొంతు నాకు చాలా ఇష్టం. ఆ దేశంలో కూడా ఎవరో ఒకరు అలా అనుకున్న సంవత్సరం ఉంటుంది కదా. అదే వెతికాను."

 ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, బండి బరువుకి ఆ మంచు విరగదా అని అడిగారు. ఎందుకు విరగదో అమ్మాయి చెప్పింది. ఎప్పుడు విరుగుతుందో కూడా చెప్పింది. ఈసారి నేల చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. హమ్మయ్య అనుకుంటూనే ఏడ్చాను.

తిరిగి వస్తూ కార్‌లో అడిగాను. "నేను గరాజ్‌లో మాట్లాడేది నీకెలా తెలుసే?"

"అమ్మా, అప్పుడు నా రూమ్ గరాజ్ పైనే కదా. అన్నీ వినిపించేవి."

"మరి మమ్మల్ని ఒక్క మాటైనా అడగలేదేం?"

"పెద్దమ్మకి నువ్వే చెప్పావ్ కదా, జాబ్ పోయిన సంగతి ఇక్కడ ఎవ్వరికీ తెలీకూడదు అని. నేను మాట్లాడితే పొరపాటున వచ్చేస్తుంది. సో, మాట్లాడలేదు."

మా ఆయనా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. ఊరు మారినందుకనీ, స్నేహితులు దూరమైనందుకనీ ఏడాదిగా మేం ఏవేవో అనుకున్నాం. పిల్ల మా పరువు కాపాడుతూ కూర్చుంది.

"నాన్నా, ఇప్పుడు నీ జాబ్ ఓకే కదా?"

"ఓకే అమ్మలూ."

"అయితే ఇంకెవరికైనా చెప్పొచ్చా?"

"ఊరంతా చెప్పుకో తల్లీ," అన్నాను.

మొదలుపెట్టింది. ఫ్రిస్కోలో వదిలొచ్చిన స్నేహితురాలి సంగతి, ఇక్కడ లంచ్‌లో పక్కన కూర్చునే పిల్ల సంగతి, టీచరు దగ్గు సంగతి, ఒకదాన్ని తోసుకుంటూ ఇంకొకటి. మా ఇల్లు వచ్చింది. మా ఆయన కారు ఆపలేదు. వీధి చివరిదాకా పోనిచ్చి, ఇంకో చుట్టు తిప్పారు.