మడత విప్పిన కొంగ

మొన్న సెలవు మీద మార్కాపురం వెళ్లినప్పుడు, జపాను బాంబుల భయంతో బందరు వదిలి మా ఇంటికి వచ్చిన పెద్దమ్మ, వసారా దూలానికి దారంతో వేలాడుతున్న కాగితపు కొంగను చూసి ఇదెక్కడిదని అడిగింది. జపానువాళ్ల విద్య అని చెప్పగానే ఆమె ముఖం మారిపోయింది. ఆ కొంగ మా ఇంటికి ఎలా వచ్చిందో, నాతోపాటు చదువుకొని ఇప్పుడు తలా ఒక ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న మీకు చెప్పుకోవాలనిపించింది.

మద్రాసులో ఇంజనీరింగు చదివే రోజుల్లో మన డ్రాయింగు మాస్టారు కాంపాసు, స్కేలు పక్కన పెట్టించి, ఉత్త కాగితం మడతలతోనే లంబకోణం, సమబాహు త్రిభుజం తీయించడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆయనకు ఆ పిచ్చి పట్టించింది ఒక జపాను బొమ్మల పెట్టె అడుగున దొరికిన కొంగ. దాన్ని ఒక్కొక్క మడతే విప్పి, ఆ గీతల వెంటే మళ్లీ మడిచి నేర్చుకున్నారట. కాగితం ఆ దేశానికి చైనా వైపు నుంచి వచ్చిందని, ఖరీదుగా ఉన్న రోజుల్లో గుళ్లలోనూ, గొప్పింటివాళ్ల కానుకల మీదా మడిచేవారని, చవకైన కొద్దీ అమ్మమ్మల చేతుల మీదుగా పిల్లలకు అందిందని ఆయన చెప్పేవారు. కొంగ వెయ్యేళ్లు బతుకుతుందని అక్కడివాళ్ల నమ్మకమట. మాస్టారు మనల్ని కత్తెర, జిగురు ముట్టనిచ్చేవారు కాదు.

ఆ రోజుల్లో ఒక వేసవి సెలవులకు నేను ఇంటికి వచ్చేసరికి, పలకల గనిలో రాయి పడి అన్న కుడిచెయ్యి నలిగి ఉంది. ఎముకలు అతుక్కున్నాయి కాని వేళ్లు ముడుచుకోవు. కదిలిస్తూ ఉండమన్నాడు డాక్టరు. రాయిని ఉలితో కాగితాల్లా పొరలు చీల్చే పని అన్నకు ప్రాణం; ఎండాకాలం దాటితే ఆ చోట్లో ఇంకొకణ్ని పెట్టుకుంటానని మేస్త్రీ చెప్పి పంపాడు.

నేను ఒక కొంగ చేసి, మడతలన్నీ వరసగా అంకెలు వేసి రాసి అన్న ముందు పెట్టాను.

“ఏంది తమ్ముడా, మద్రాసు పోయి సదివింది పిట్టలు చేసేదానికా?” అని నవ్వాడు.

“ఊరికే కూచొని గోడలు చూసేదానికంటే మేలు గదా, చెయ్‌రా,” అన్నాడు నాయన.

అన్న నా జాబితా చదవలేదు. ఎడమచేత్తో కొంగను మెల్లగా విప్పి, పలకరాయి అంచులో పొర వెతికినట్లు ఆ గీతలను వెలుతురుకు పట్టి చూశాడు. పొట్లాల కాగితంతో మొదలుపెట్టాడు. మొదట్లో కుడి బొటనవేలితో మడతను అదిమేవాడు, అంతే. వదిన వచ్చి చూసి, “మరిదీ, ఇది కొంగ కాదు, మెడ ఇరిగిన కోడి,” అనేది. పెద్ద చతురస్రాలు పోయి చిన్నవి వచ్చాయి, వంకర మడతలు పోయి పదునైనవి వచ్చాయి. ముక్కు మాత్రం రాలేదు. దానికి బొటనవేలు, చూపుడువేలు కలిసి గట్టిగా నొక్కాలి.

ఒకరోజు ముక్కు వంగింది. అన్న కొంగను కింద పెట్టి, అటక మీది ఉలి దించి పట్టుకున్నాడు. అది జారలేదు. ఎండలు తగ్గకముందే గనికి వెళ్లాడు. ఆ కొంగనే వదిన దూలానికి కట్టింది. ఇంత చిన్న కాగితంతో అంత ఓపిక నేర్పే విద్యను కనిపెట్టిన చేతులకు అప్పుడు మనసులో దండం పెట్టుకున్నాను, ఇప్పుడూ పెడతాను.

“శత్రువుల పిట్టను ఇంట్లో పెట్టుకుంటారా? తీసెయ్యండర్రా,” అంది మొన్న పెద్దమ్మ.

“అది బాంబులెయ్యలే పెద్దమ్మా, నా చేతికి ఏళ్లిచ్చింది,” అన్నాడు అన్న.

అయినా ఆమె వసారాలోకి రావడమే మానుకుంది. మరునాడు సాయంత్రం అన్న కొంగను దించి, మడత మడత విప్పి, చదును చేసి రెండు పలకల మధ్య పెట్టాడు.

“యుద్ధం అయినాక మళ్ల మడుస్తాలే తమ్ముడా. గీతలు యాడికి పోతాయి?”

మనం చదువుకునేటప్పుడు జపాను అంటే బొమ్మల పెట్టె, మాస్టారి కొంగ. ఇప్పుడు ఆ పేరు ఇంట్లో గొంతు తగ్గించి పలుకుతున్నారు. కాగితమూ కరువై, ఆఫీసులో వాడిన షీట్ల వెనకవైపే గీస్తున్నాను. కొంగ లేదు కాని, దూలానికి దారం అలాగే వేలాడుతోంది. అన్న దాన్ని విప్పలేదు.